నాలుగో రోల్: తెల్ల మచ్చ పోయింది, అంచు నల్లబడింది

నా ఫిల్మ్ కెమెరాతో తీసిన ఫొటోల్లో మూడు రోల్స్‌గా వెంటాడిన తెల్ల మచ్చ గుట్టు ఇన్నాళ్లకు తెలిసింది. అది లెన్స్ ఫ్లేర్ (ఎండ లెన్స్‌లో చెదిరి వేసే మచ్చ) కానే కాదు!

వెనక తలుపు సందుల్లోంచి వెలుతురు దూరకుండా ఆపే సీల్స్ కిందటి నెలే మార్చాను, ఆ గొడవ తీరిపోయింది. నా మటుకు స్పాంజ్ కన్నా నల్ల ఊలు దారమే మేలు, ఏళ్లు గడిచినా జిగురుగా కరగదు.

మచ్చ ఎండలో తీసిన ఫొటోల్లోనే వస్తోందని ఫ్లేర్ అనుకున్నాను. లెన్స్‌కు ఎండ అడ్డుకునే హుడ్ తగిలించాను, లెన్స్ తుడిచాను, ఏమీ మారలేదు. చివరికి నెగటివ్‌లన్నీ పరిచి స్కేలుతో కొలిచాను. మచ్చ ఉన్న ప్రతి ఫొటోలోనూ ఎడమ అంచుకు 11 మి.మీ., పై అంచుకు 7 మి.మీ. దూరం. ఫ్లేర్ అయితే సూర్యుడు ఎటుంటే దాన్నిబట్టి జరగాలి కదా! ఫిల్మ్ అంచున ఉండే బెజ్జాల (పర్ఫొరేషన్ల) మీదికి పాకలేదు కాబట్టి సీల్స్ తప్పూ కాదు. కలర్ ఫిల్మ్ కొడక్ గోల్డ్ 200 మీద కూడా తెల్లగానే ఉంది. వెలుతురు ఫిల్మ్ వెనక నుంచి దూరి ఉంటే ఎర్రగానో నారింజగానో తేలేది. అంటే లెన్స్ గుండానే వస్తోంది. నాది రేంజ్‌ఫైండర్ (లెన్స్ గుండా కాక వేరే కిటికీలోంచి చూసే రకం) కెమెరా. ఇందులో లెన్స్ వెనక అడ్డంగా అద్దం ఉండదు, ఫిల్మ్ ముందు షట్టర్‌గా ఉండే గుడ్డ కర్టెన్ మీద నేరుగా ఎండ పడుతుంది.

లెన్స్ ఊడదీసి, చీకటి గదిలో ముందు టార్చి పెట్టి వెనక నుంచి చూశాను. పది నిమిషాలు వెతికినా ఏమీ లేదు. లీవర్ తిప్పి షట్టర్ కాక్ చేయగానే (తర్వాతి ఫొటోకు సిద్ధం చేయగానే) కింద కుడి మూలకు దగ్గర సూది మొనంత వెలుగు! బొమ్మ ఫిల్మ్ మీద తలకిందులుగా పడుతుంది కాబట్టి లెక్క సరిపోయింది. షట్టర్‌కు రెండు కర్టెన్లు: మొదటిది తెరుస్తుంది, రెండోది మూస్తుంది. బెజ్జం మొదటి కర్టెన్‌లో ఉంది. కాక్ చేయకముందు నేను చూసింది రెండోదాన్ని. ఫ్రేము ముందే తిప్పి పెట్టుకుని ఎండలో తిరిగినప్పుడల్లా మచ్చ, అప్పటికప్పుడు తిప్పి తీసినవి శుభ్రం. ఎవరో ఒకప్పుడు క్యాప్ పెట్టకుండా ఎండలో వదిలేస్తే లెన్సే భూతద్దమై కాల్చిందని నా అనుమానం.

పలచటి నల్ల ఫాబ్రిక్ పెయింట్ టూత్‌పిక్ మొనతో రెండు పూతలు వేశాను. ఈ రోల్‌లో ఒక్క మచ్చ లేదు. కానీ 1/500 సెకను షట్టర్ వేగంలో ఒక అంచు నల్లబడుతోంది, 1/125లో బాగానే ఉంది. పూత మందమై కర్టెన్ బరువెక్కిందా, స్ప్రింగ్ నీరసించిందా? ఒకే వెలుతురున్న తెల్ల గోడ మీద 1/125, 1/250, 1/500 మూడేసి ఫ్రేములు తీస్తాను. అందుకు నలుపు-తెలుపు ఫిల్మ్ ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 పెట్టాను, టెస్టులకు దానంత నమ్మకం నాకు ఇంకే ఫిల్మ్ మీదా లేదు. అప్పటికీ అంచు నల్లగానే ఉంటే పూత గీకేసి, రెండు కర్టెన్లూ కొత్త రబ్బరు పట్టు గుడ్డతో మార్చేస్తాను.