జాతి పేరు రాయనన్న మా అబ్బాయి

“జాతి పేరు నేను రాయనమ్మా, నాకు కనిపించినంత వరకే రాస్తాను” అని మా అబ్బాయి ఈ వానాకాలంలో తెగేసి చెప్పాడు. బెంగళూరులో మా ఇంటి వెనక, ప్రహరీగోడకు ఎండ తగలని వైపున నాచు పట్టిన రాళ్ల మీద, వానలు పడగానే కనిపించే పొడుగు కాళ్ల ప్రాణుల గురించి వాడన్న మాట అది. చూడటానికి సాలెపురుగుల్లా ఉండే వాటిని హార్వెస్ట్‌మెన్ అంటారు. వాటి ఫొటోను ఫోన్‌లోని ఒక యాప్‌కు చూపిస్తే ఫలాంజియం ఒపిలియో అని జవాబిచ్చింది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ వర్ణించిన ఆ జాతి పుట్టినిల్లు ఐరోపా. పేరు దొరికింది కదా, చూసిన ప్రాణుల వివరాలు వాడు రాసుకునే పుస్తకంలో రాసేయమన్నాను. మన గోడ మీదున్న దాని వీపున నిటారుగా ముల్లు ఉందనీ, యాప్ చూపిస్తున్న దానికి అది లేదనీ చెప్పి వాడు పెన్ను మూత పెట్టేశాడు.

పిల్లలతో కలిసి తోటలో వీటిని చూడాలనుకునేవారు ముందుగా గమనించవలసింది నడుమును. సాలెపురుగుకు ఒళ్లు రెండు భాగాలుగా విడిపోయి మధ్యలో సన్నని నడుము ఉంటుంది. హార్వెస్ట్‌మన్‌కు ఆ రెండూ కలిసిపోయి, కందిగింజంత ఒళ్లు ఒకే ముద్దగా కనిపిస్తుంది. కళ్లు రెండే, అవి కూడా వీపు ముందు భాగంలో ఒక చిన్న గుబ్బ మీద చెరో పక్కకు చూస్తుంటాయి. వీటికి పట్టు తీసే గ్రంథులు లేవు కాబట్టి గూడు అల్లవు, విషగ్రంథులు లేవు కాబట్టి భయపడవలసిన పనీ లేదు. ఇంట్లో పైకప్పు మూలన గూటిలో తలకిందులుగా వేలాడుతూ, తాకితే గడగడా ఊగిపోయే పొడుగు కాళ్ల పురుగు సాలెపురుగే. ఒకరోజు సాయంత్రం భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశాము. అన్నింటికన్నా పొడవైన రెండో జత కాళ్లను అది నడవడానికి కాక, ముందున్న రాయిని తడిమి చూడటానికే ఎక్కువగా వాడుతోంది. వాటితో అటూ ఇటూ తట్టి చూసుకున్నాకే మిగతా కాళ్లను కదిపింది. ప్రమాదం అనిపిస్తే ఇవి ఒక కాలును వదిలేసుకుని పారిపోతాయి, తెగిన కాలు కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది, దాని స్థానంలో మరో కాలు మళ్లీ మొలవదు. అందుకే చేత్తో పట్టుకోకూడదన్నది వాడు పెట్టిన నియమం.

అసలు చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. వీపున ముల్లున్న మన దేశపు హార్వెస్ట్‌మెన్‌ను చూడగానే గుర్తుకొచ్చే ప్రజాతి, అంటే దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు, గాగ్రెల్లా. కలకత్తాలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణలో పనిచేసిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1869లో దాన్ని వర్ణించాడు. ఆ తరువాత జర్మనీకి చెందిన శాస్త్రవేత్త రోవర్ 1923లో ప్రపంచంలోని హార్వెస్ట్‌మెన్ అన్నింటినీ ఒక పెద్ద గ్రంథంలోకి తెచ్చినప్పుడు, వీపు మీది ముళ్లను, తొడ భాగంలో ఉండే చిన్న గణుపులను లెక్కపెట్టి ప్రజాతులను వేరు చేశాడు. ఒకే జాతిలో కూడా ఆ గణుపుల సంఖ్య మారుతుంటుందని తరువాతి పరిశోధకులు గుర్తించడంతో ఆ హద్దుల్లో చాలావాటి మీద నమ్మకం సడలింది. జాతిని గట్టిగా తేల్చాలంటే ఎదిగిన మగదాన్ని ఆల్కహాల్‌లో భద్రపరిచి, దాని జననాంగాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఈ సంగతి తెలియగానే వాడు, “పేరు కోసం చంపాలా?” అని ఒక్క ప్రశ్న వేసి, స్క్లెరోసోమాటిడే కుటుంబం, గాగ్రెల్లినే ఉపకుటుంబం అని రాసి, కింద జాతి పేరు రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేశాడు.

నాకు ఆ ఖాళీ గడి మింగుడు పడలేదు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి రాయాలి, ఖాళీ వదిలితే మార్కులు పోతాయి అన్న చదువు మదనపల్లెలో నాది. వాడికీ ప్రతి పరీక్షకు ముందు అదే చెబుతూ వచ్చాను. ఇక్కడ ఎవరైనా “నిమ్మూరు యావుదు?” అని, అంటే మీ ఊరేదని, కన్నడంలో అడిగితే వాడు “ఇదే” అంటాడు, వెంటనే నేను “మాది మదనపల్లె” అని అందుకుంటాను. ఇక్కడే పుట్టి, బడిలో కన్నడం చదువుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, సంక్రాంతికీ వేసవికీ మాత్రమే ఆ ఊరు చూసే పిల్లవాడు తను చూసినంత వరకే జవాబు చెబుతున్నాడు. నేను దాన్ని పూర్తి చేయాలని ఆత్రపడుతున్నాను.

పుస్తకాన్ని తెలుగులోనే రాయాలన్న నా పట్టుదలకు మాత్రం వాడు ఒప్పుకున్నాడు, ఎందుకంటే అవ్వ చదవగలిగేది తెలుగే. మొన్న ఊరికి వెళ్లినప్పుడు అవ్వ అద్దాలు పెట్టుకుని ఆ పేజీ అంతా చదివి, “ఇది పంటకేమన్నా చేటా?” అని అడిగింది. చిన్న పురుగులను, చచ్చిన పురుగులను, కుళ్లిన వాటి మీద పట్టే బూజును తింటుందని వాడు చెప్పాడు. “అయితే ఉండనీ” అని, ఖాళీ గడి మీద వేలు పెట్టి, “ఇదేంది, ఏమీ రాయలేదే?” అంది. “తెలీదవ్వా” అన్నాడు. “తెలిసినప్పుడు రాస్తువులే” అని పుస్తకం మూసి వాడి చేతికిచ్చింది. పండగకు ముందు బూజుకర్రతో వసారా మూలలన్నీ దులుపుతుంటే, అక్కడివి సాలెపురుగులని చెప్పాడే తప్ప వాడు ఆమెను ఆపలేదు.

ఖాళీని సహించలేనితనం మా ఊరి నుంచి తెచ్చుకున్నదని, దాన్ని వాడికి అందించడం నా బాధ్యత అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ ఊళ్లోనే ఉన్న అవ్వకు అది లేదు. అలాంటప్పుడు నేను వాడికి ఇవ్వాలని తాపత్రయపడుతున్నవాటిలో ఊరివి ఎన్ని, నావి ఎన్ని అన్నది నాకు స్పష్టంగా లేదు. భాష విషయంలో పట్టు వదలాలని ఇప్పటికీ అనిపించడం లేదు. ఊరి పేరు విషయంలో మాత్రం ఆ నిబ్బరం లేదు.

వచ్చే వానలకు కాళ్ల గణుపులు లెక్కపెట్టాలి, మంచి లెన్స్ కొనమని అడుగుతున్నాడు. వాటితో జాతి తేలదని నువ్వే చెప్పావు కదా అన్నాను. “తేలకపోయినా ఎన్నున్నాయో చూడాలి కదమ్మా” అన్నాడు. లెన్స్ కొంటున్నాము.