వార్మర్ కింద ఆ చిన్న ప్రోబ్

మొన్న నైట్ డ్యూటీలో వెంటిలేటర్ మీదున్న ఒక బాబుకి ట్యూబ్‌లో కఫం జిగురులా గట్టిపడిపోయి దాన్ని లాగే సన్నగొట్టం, సక్షన్ క్యాథెటర్ కూడా సరిగ్గా దిగట్లేదు, వెంటిలేటర్ గాలిని వేడిచేసి తేమ కలిపే హ్యుమిడిఫయర్ చూస్తేనేమో టెంపరేచర్ కరెక్ట్‌గానే చూపిస్తోంది, అలారం కూడా లేదు. తీరా చూస్తే గాలి వెళ్ళే గొట్టం (సర్క్యూట్) చివర ఉండే ప్రోబ్, అంటే వేడి కొలిచే సెన్సార్, బిడ్డని పైనుంచి వెచ్చగా ఉంచే వార్మర్ వేడి కింద నేరుగా ఉంది! గొట్టంలో గాలి వేడిని కొలవాల్సిన సెన్సార్ పైనుంచి పడే వేడిని కూడా కలిపి చదివేస్తోంది, దాంతో మెషిన్ గాలి బాగానే వేడెక్కిందనుకుని హీటర్ తగ్గించేసింది, బిడ్డకేమో పొడిగాలి వెళ్తోంది.

పీల్చే గాలిని వేడిచేసి తేమ కలపడం మామూలుగా ముక్కు చేసే పని. ట్యూబ్ వేశాక 37 డిగ్రీల దగ్గర లీటరు గాలికి దాదాపు 44 మిల్లీగ్రాముల ఆవిరి మెషినే ఇవ్వాలి. చాలా హ్యుమిడిఫయర్లలో తేమని కొలిచే సెన్సార్ అసలు ఉండదండీ, టెంపరేచర్ చూసి నడిచిపోతుంది, అందుకే నేను డిస్‌ప్లే ఒక్కదాన్నే నమ్మను, గొట్టంలో తేమ కనిపిస్తోందా అని కూడా చూస్తా. ప్రోబ్ ఊడిపోతే ఇంకా భయం, గది చల్లదనం చదివి హీటర్ పెంచుకుంటూ పోతుంది.

వార్మర్ వేడి తగలకుండా ప్రోబ్ మీద మెరిసే స్టిక్కర్ అంటించాం. కాసేపటికి ట్యూబ్ దగ్గర సన్నటి నీటి చుక్కలు కనిపించాయి, అప్పుడు కుదుటపడింది మనసు.