ఒత్తులు తెగిన ఉత్తరం

దీపం ఆర్పి పడుకున్నాను గానీ ఆ గుర్తు కళ్ళ ముందు నుంచి కదలకపోవడంతో మళ్ళీ లేచి కూర్చున్నాను. మా సంస్థ గుర్తు గుండ్రనిది. మధ్యాహ్నం ఒక శాఖ నుంచి వచ్చిన ఉత్తరంలో మాత్రం అది, పైనుంచి ఎవరో అరచేత్తో అదిమినట్టు, అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంది. భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తితే అత్తయ్య మజ్జిగ కలుపుకుంటూ, "ఉత్తరం చేరిందా లేదా? గుర్తు వంకరగా ఉంటే ఏమైందమ్మా?" అన్నారు. ఈయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మా శాఖలన్నీ ఉత్తరాలకూ ప్రదర్శనలకూ వాడవలసిన టెంప్లేట్లు, అంటే ముందే సిద్ధం చేసిన నమూనా ఫైళ్ళు, చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. పోయిన ఏడాది లెటర్‌హెడ్‌ను మామూలు వర్డ్ ఫైలుగా పంపితే, ఒక శాఖవారు దాని మీదనే ఉత్తరం రాసి సేవ్ చేసుకుని, ఆ తరువాత నెలల తరబడి అన్ని ఉత్తరాలనూ పాత తేదీతోనే పంపారు. అందుకని ఈసారి తెరిచిన ప్రతిసారీ కొత్త కాగితం ఇచ్చే డాటెక్స్ (.dotx, వర్డ్ టెంప్లేట్) రూపంలో ఇచ్చాను. మొదటి పేజీకి ఒక హెడరు (పేజీ పైభాగాన వచ్చే పట్టీ), తరువాతి పేజీలకు వేరొక చిన్న హెడరు పెట్టాను. ఫైలు రంగులనూ ఫాంట్లనూ నిర్ణయించే థీములో ఉండే ఆరు యాక్సెంట్ రంగుల గడులనూ మా సంస్థ రంగులతోనే నింపాను. మొదటి పేజీ మీద పేజీ సంఖ్య రాకపోవడాన్ని లెక్కల విభాగం పెద్దాయన గమనించి బాగుందన్నారు. దొరికిన మెప్పు అదొక్కటే.

పవర్‌పాయింట్ సంగతి తలుచుకుంటే కడుపు రగులుతుంది. అన్ని స్లైడ్లకూ మూలరూపమైన ఒక మాస్టరు, దాని కింద స్లైడు అమరికలకు పదకొండు లేఅవుట్లు, ఏది దేనికో పేర్లతో సహా చేసి ఇచ్చాను. నిన్న వచ్చిన ప్రదర్శనలో ఏడు మాస్టర్లున్నాయి. పాత ఫైలులోని స్లైడ్లను పాత రూపంతోనే అతికించిన ప్రతిసారీ దాని మాస్టరు కూడా వెంట వచ్చి, పేరుకు ముందు 1, 2 అని అంకెలు తగిలించుకుని, పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చుంటుంది. శీర్షిక కోసం వదిలిన చోటును ఖాళీగా ఉంచి, దాని మీదనే విడిగా టెక్స్ట్ బాక్సు గీసి అందులో శీర్షిక రాస్తారు. ఆ తరువాత లేఅవుట్ మారిస్తే ఆ అక్షరాలు ఉన్నచోటు నుంచి కదలవు, స్లైడ్లలోని రాతను వరుసగా చూపే అవుట్‌లైన్ తెరిచి చూస్తే అక్కడ ఒక్క ముక్కా ఉండదు. గుర్తును మాస్టరులోనే అమర్చి ఎవరూ ముట్టుకోకుండా చేశాను గదా అనుకుంటే, దాని పక్కనే ఇంకొక గుర్తును తెచ్చి అతికించారు. మూల పట్టుకుని లాగితే నిష్పత్తి నిలుస్తుందనీ, పక్క పట్టుకుని లాగితే బొమ్మ సాగిపోతుందనీ ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు.

అన్ని శాఖలకూ కలిపి ఒక ఘాటైన మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్ట్స్‌లో ఉంచాను. రాస్తున్నంతసేపూ విజయవాడ గవర్నర్‌పేటలోని పెదనాన్న అచ్చు ప్రెస్సే గుర్తుకు వచ్చింది. అక్కడ వ్యాపారుల గుర్తులన్నీ జింకు బ్లాకులు, అంటే బొమ్మ చెక్కిన జింకు రేకులు. అచ్చు అక్షరాల ఎత్తుకు సరిపోయేలా చెక్క మీద బిగించి, పాత ప్రూఫు కాగితంలో చుట్టి, పైన పేరు రాసి సొరుగులో ఉంచేవారు. వేసవి సెలవుల్లో ఆ సొరుగులు సర్దడం నా పని. ఒకసారి బియ్యం మిల్లు యజమాని ఒకాయన వచ్చి, లెటర్‌హెడ్ మీద తన ఎద్దు బొమ్మ ఇంకొంచెం పెద్దదిగా పడాలని పట్టుబట్టాడు. పెదనాన్న ఆ బ్లాకు తీసి ఆయన చేతిలో పెట్టి, "లాగి చూడండి, సాగితే వేస్తాను" అన్నారు. ఆయన నిజంగానే రెండు వేళ్ళతో అటూ ఇటూ పట్టుకుని చూసి, నవ్వేసి, కొత్త బ్లాకుకు డబ్బు కట్టి వెళ్ళాడు. ఆ ఎద్దు ఆ తరువాత కూడా ఎద్దులాగానే ఉంది. ఈ ఒక్క ముక్క ఆ మెయిల్‌లో కూడా రాశాను, ఎవరికీ అర్థం కాదని తెలిసి కూడా.

అదే ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజింగు తాత ఉండేవారు. ఇంగ్లీషు పని పూర్తి చేసి తెలుగు పని ఎత్తుకున్నప్పుడల్లా వరుసకూ వరుసకూ మధ్య సన్నని సీసపు పట్టీలు అదనంగా పేర్చేవారు. ఎందుకని అడిగితే, "తెలుగుకు కింద కాళ్ళుంటాయమ్మాయీ, చోటు వదలకపోతే తొక్కుకుంటాయి" అనేవారు.

ఈ మాట గుర్తుకు వచ్చిన తరువాతనే, తప్పు ఎత్తి చూపడానికి పనికొస్తుందని ఆ ఉత్తరం అసలు ఫైలును తెరిచాను. టెంప్లేట్‌లో నేను ముందే అమర్చిన స్టైల్స్ (అక్షరాల, వరుసల రూపాలు) అన్నిటినీ వదిలేసి చేత్తో ఫాంటు మార్చారు, వరుసల మధ్య దూరం మార్చారు. హెడరులోని తెలుగు చిరునామాకు కూడా అలాగే చేయడంతో అది కిందికి పెరిగింది, ఉత్తరం మొత్తం కిందికి జరిగింది, సంతకం ఒక్కటే రెండవ పేజీకి పోయింది. దానిని మళ్ళీ మొదటి పేజీకి లాక్కురావడానికి గుర్తును కింది నుంచి పైకి అదిమారు. అదిమిన కారణం దొరికింది; దూరం మార్చవలసిన అవసరం ఏమిటో తెలియలేదు. ఖాళీ టెంప్లేట్ తెరిచి "రాష్ట్రస్థాయి కార్యవర్గ సభ్యులకు" అని టైపు చేసి చూశాను. పైన గుడులు తెగాయి, కింద ఒత్తులు తెగాయి.

తప్పు నాది. ఇంగ్లీషు ఉత్తరం నీటుగా కనబడాలని మూల స్టైల్‌లో వరుసల దూరాన్ని ‘ఎగ్జాక్ట్‌లీ’ 14 పాయింట్లని, అక్షరం ఎంత ఎత్తున్నా పెరగకుండా, బిగించాను. ఫాంటును కూడా లాటిన్ అక్షరాలకే ఎంచాను. తెలుగు వంటి లిపులకు ఫాంటు ఎంచే కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే రెండవ వరుస వైపు కన్నెత్తి చూడలేదు. ఫైలు పేరు చివర జిప్ అని మార్చి లోపలి థీమును చూస్తే, తెలుగు ఎదురుగా ఆఫీస్ తనంతట తాను పెట్టిన గౌతమి ఫాంటు అలాగే ఉంది. సగానికి సగం ఉత్తరాలు తెలుగులో రాసే శాఖలకు నేను ఇచ్చింది ఇంగ్లీషు టెంప్లేట్. ఆ శాఖలో టైపు చేసే ఆవిడ పోయిన నెలలో ఫోన్ చేసి, "మేడమ్, మామూలుగా కొడితే కింద ఒత్తులు కనబడటం లేదండీ" అన్నారు. మీ ప్రింటరు చూపించుకోండని నేనే సమాధానం చెప్పాను.

ఇప్పుడు దూరాన్ని ‘అట్ లీస్ట్’కు, అంటే అవసరమైతే పెరిగేలా, మార్చి, తెలుగుకు మండలి ఫాంటు పెట్టి, అది లేని కంప్యూటర్లలో కూడా కనబడేలా ఫైలులోనే పొదిగాను. ‘జ్యోత్స్న’ అని కొట్టి చూశాను, కాళ్ళూ నెత్తీ అన్నీ ఉన్నాయి. అయితే టెంప్లేట్ మార్చినంత మాత్రాన ఇదివరకు దాని నుంచి పుట్టిన ఉత్తరాలు వాటంతట అవి మారవు, పాత ఉత్తరం తెరిచి దాని మీదనే కొత్తది రాసే అలవాటు ఉన్నవారికి ఈ మరమ్మతు అందదు. రేపు మొదట ఆవిడకే ఫోన్ చేయాలి.

టెంప్లేట్ పేరు చివర 3 ఉన్నచోట 4 అని మార్చాను. డ్రాఫ్ట్స్‌లోని మెయిల్‌లో ఉత్తరాల గురించి రాసిన పేరాలు, ఎద్దుతో సహా, తీసివేశాను. ఏడు మాస్టర్ల సంగతి మాత్రం అలాగే ఉంచాను, అందులో నా తప్పేమీ కనబడలేదు. అయినా పంపే ముందు ఆ ఫైలును కూడా ఒకసారి తెరిచి చూస్తాను.