నాయిన సాలు

నాలుగేళ్ల కిందట, మార్చి చివర్లో, తోటలో పండంతా కోసేశాక నాలుగు రాత్రులు గొర్రెల మంద పెట్టించుకుందామనుకున్నాను. శామీర్‌పేట చెరువు దాటి ఇంకొంత దూరం వెళ్తే మాకు ఎకరం పది గుంటల ద్రాక్ష తోట ఉంది. నాయిన 1998లో వేశాడు. మధ్యలో ఒకసారి మొక్కలు మార్చి డాగ్‌రిడ్జ్ అనే వేరుమొక్క మీద థాంప్సన్ ద్రాక్ష రకాన్ని అంటు కట్టించాం. రాతి కడీలు, పైన తీగల పందిరి మాత్రం అప్పటివే. నేను కొంపల్లిలో ఉంటాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు తోట.

చిన్నప్పుడు ఎండాకాలంలో పొలాల్లో మంద కట్టడం చూసినదాన్ని. రాత్రంతా గొర్రెలు ఒకచోట పడుకుంటే పెంటికలు, మూత్రం అక్కడికక్కడే నేలకు అందుతాయి. మోసే పని లేదు, చల్లే పని లేదు. అందుకే ఊళ్లో కురుమ పెద్దయ్యకు కబురు పెట్టాను. వచ్చాడు, కానీ గేటు దాటి లోపలికి రాలేదు. కడీల మీద, మొక్కల మొదళ్ల మీద ఉన్న నీలి మరకల వంక చూశాడు.

"ఈ తోటల మంద పెట్ట బిడ్డా. నీలి మందు కొట్టిన గడ్డి మేస్తే గొర్రె బతకది. ఒక తోటల మేపినంక నాయి మూడు గొర్లు ఎర్రగ ఉచ్చ పోసి సచ్చిపోయినయ్" అన్నాడు.

తెలిసిన పశువుల డాక్టర్‌ను అడిగితే పెద్దయ్య మాటే నిజమన్నాడు. రాగి ఏ జంతువుకైనా చిటికెడు కావాలి. గొర్రెకు మాత్రం ఎక్కువైన రాగిని బయటికి పంపే శక్తి చాలా తక్కువ. అది కాలేయంలో దాచుకుంటూ పోతుంది. ఏదో ఒక రోజు అదంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది, ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఎర్రటి ఉచ్చ అందుకే.

నీలి మందంటే బోర్డో మిశ్రమం. దాన్ని కలపడం మా ఇంట్లో పండగ పనిలా జరిగేది. ముందు రోజు రాత్రి మైలుతుత్తాన్ని, అంటే కాపర్ సల్ఫేట్‌ను, గుడ్డలో మూట కట్టి, ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లకు తగిలేలా వేలాడదీసేవాడు నాయిన. తెల్లారేసరికి మూట ఖాళీ, నీళ్లు నెమలి మెడ రంగు. ఇంకో డ్రమ్ములో వడగట్టిన సున్నపు నీళ్లు. రెండూ కలిపి మూడో డ్రమ్ములోకి పోశాక, కొడవలి కొన అందులో ముంచి కాసేపు ఆగి తీసేవాడు. ఇనుము మీద ఎర్రటి పొర కనిపిస్తే రాగి ఇంకా విడిగా ఉన్నట్టు, అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఇంకాస్త సున్నం పోయాలి. కొడవలికి ఏమీ అంటకుండా వస్తేనే పంపు భుజానికెత్తుకునేవాడు. ఆ కొడవలి చూసి చెప్పే పని నాది. ఎనిమిదో తరగతి నుంచి చేశాను.

రాగి ఆకు మీద ఎక్కువైతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేలలో ఎక్కువైతే ఏమవుతుందని ఎవరమూ అడగలేదు.

ఈ మందు ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో పుట్టింది. దారిన పోయేవాళ్లు పండు తెంపకుండా అక్కడి రైతులు రోడ్డు పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవారు. ఆ తీగలకు బూజు తెగులు పెద్దగా రాలేదని గమనించిన మిలార్డే అనే ప్రొఫెసర్ 1885లో దీన్ని లోకానికి చెప్పాడు. కొన్ని తరాలు కొట్టాక అక్కడి తోటల పైమట్టిలో రాగి పేరుకుపోయింది. నత్రజని కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లతో పోతుంది. రాగి అలా కాదు. పై జానెడు మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోలకు మించి రాగి వాడకూడదని హద్దు పెట్టింది. మన ఎకరానికైతే ఏడేళ్లకు దాదాపు 11 కిలోలు.

ఆ రాత్రి మా లెక్క వేశాను. ఒక శాతం మందు అంటే 100 లీటర్లకు కిలో మైలుతుత్తం. ఎకరానికి 500 లీటర్లు కొడితే 5 కిలోలు. అందులో నాలుగో వంతు రాగి, అంటే ఒక్కో పిచికారీకి కిలోంబావు. నాయిన ఏటా నాలుగుసార్లు కొట్టేవాడు, 5 కిలోలు. అక్కడివాళ్లు ఏడేళ్లకు పెట్టుకున్న హద్దు మాకు రెండేళ్ల చిల్లరలో దాటిపోతోంది. ఇరవై ఏళ్లకు ఎకరానికి వంద కిలోలు. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న రాగి బిందె వంటింట్లో ఉంటే తూకం వేశాను. రెండున్నర కిలోలు. అలాంటివి నలభై బిందెలు ఒక్కో ఎకరంలో పోశామన్నమాట.

ఇంత జరిగినా మా దగ్గరున్న కాగితంలో ఎక్కడా ప్రమాదం కనిపించలేదు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి, వాటిలో రాగి ఒకటి. కానీ అక్కడ చూసేది లోపం ఉందా లేదా అనే. మా కార్డులో రాగి ఎదురుగా "సరిపడా" అని ఉంది. ఎన్నో ఏళ్లు దాన్ని శుభవార్తలాగే చదువుకున్నాను. అదే కార్డులో సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, చెత్త నుంచి నేలకు చేరేది) 0.38 శాతం అని, పక్కన "తక్కువ" అని ఉంటే దాన్ని మాత్రం దాటేసేదాన్ని. అర శాతం లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. ఎర్ర చెల్క నేల, ఇంతే ఉంటుందిలే అనుకునేదాన్ని.

మర్నాడు పార తీసుకుని తోటలో నాలుగు చోట్ల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వి మట్టి గోనెసంచి మీద పోసి చేత్తో వెతికాను. ఒక్క వానపాము లేదు. కంచె పక్కన కానుగ చెట్టు కింద అంతే గుంత తీస్తే పదకొండు ఉన్నాయి. రెండు చోట్లా ఒకే నేల, మధ్య దూరం పది అడుగులు.

ఇంకో పరీక్ష కూడా చేశాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. తోటలోంచి నిమ్మకాయంత మట్టిగడ్డ, కానుగ కింద నుంచి అంతే గడ్డ తెచ్చి రెండు రోజులు నీడన ఆరబెట్టాను. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు నింపి, టీ జల్లెడలు పైన ఆనించి, గడ్డలు నీళ్లలో మునిగేలా పెట్టాను. తోట గడ్డ బుడగలు వదులుతూ నిమిషం తిరక్కుండానే విచ్చిపోయి గ్లాసు అడుగున బురదైంది. నీళ్లు చాయ్ రంగుకొచ్చాయి. కానుగ కింది గడ్డ సాయంత్రం దీపం పెట్టేదాకా గడ్డగానే ఉంది, నీళ్లలోంచి అవతలి గోడ కనబడుతోంది. వేర్లు, బూజులు, సూక్ష్మజీవులు వదిలే జిగురే మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. ఆ జిగురు లేని నేల మీద వాన పడితే రేణువులు విడిపోయి పైన పొర కట్టేస్తాయి. నీళ్లు లోపలికి దిగవు, పక్కకు పారుతాయి, పోతూ పోతూ ఎర్రమట్టిని చెరువుకు మోసుకుపోతాయి. జూలైలో మా గేటు ముందు కాలువ ఎందుకు ఎర్రగా పారేదో అప్పుడు అర్థమైంది.

మేం మొక్కకు పెట్టాం, నేలకు పెట్టలేదు. నాయిన తోట నేలను ఇంటి వాకిలిలా ఉంచేవాడు. గడ్డి పరక కనబడితే ఊళ్లో చిన్నతనం. ఏడాదికి ఆరుసార్లు రోటవేటర్, రాలిన ఆకు ఊడ్చేయడం, కత్తిరించిన కాడలు గట్టున కుప్పేసి తగలబెట్టడం. ఆ శుభ్రత వెనుక ఆయన ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ అలా ఊడ్చిన నేలకు తినడానికి ఏం మిగిలింది?

మొదటి ఏడాది రెండు తప్పులు చేశాను. జూన్ చివర వానలు పడగానే సాళ్ల మధ్య జీలుగ చల్లాను. అప్పటికే పందిరి కమ్ముకుంది. నీడలో జీలుగ సన్నగా, పొడుగ్గా సాగి పందిరి దాకా ఎదిగింది. కింద గాలి ఆడలేదు, పొద్దున పదింటికి కూడా ఆకులు తడిగా ఉండేవి. బూజు తెగులు దిగింది. దానికి తోడు రాగి మందు ఒక్కసారిగా మానేశాను. అక్టోబరు కత్తిరింపు తర్వాత వారం రోజులు ముసురు పట్టేసరికి లేత గెలల్లో నాలుగో వంతు పోయాయి. నాయిన ఒక్క మాట అనలేదు. ఎండిన గెలలు తెంపి గంపలో వేస్తూ పోయాడంతే. ఆయన తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాను. ఏప్రిల్ కత్తిరింపు అయ్యాక పందిరి ఖాళీగా ఉంటుంది, ఎండ నేల దాకా దిగుతుంది. జనుముకు అదే సమయం. సాళ్ల మధ్య చల్లి, పైపుతో రెండు తడులిచ్చి, పూత మొదలవుతుండగా నలభై అయిదు రోజులకు కొడవలితో కోసి, దున్నకుండా మొక్కల మొదళ్ల దగ్గర బెడ్ మీద పరుస్తున్నాం. మే నెల ఎండలో ఆ పరుపు కింద చెయ్యి పెడితే మట్టి చల్లగా తగులుతుంది. వానాకాలానికి నేలబారుగా పాకే పిల్లిపెసర చాలు, గాలికి అడ్డం రాదు. రోటవేటర్ పూర్తిగా ఆపేశాం. గడ్డి పెరిగితే కోసి అక్కడే వదిలేస్తాం.

కాడలు తగలబెట్టడం గురించి నాయినతో పెద్ద వాదనే జరిగింది. ఆయన మాటలో సగం న్యాయం ఉంది. పక్షి కన్ను తెగులు మచ్చలున్న కాడల్ని, పిండినల్లి పట్టిన వాటిని ముక్కలు చేసి తోటలోనే పరిస్తే రోగాన్ని మనమే దాచిపెట్టినట్టు. కాబట్టి వాటిని వేరు చేసి బయటికి పంపుతున్నాం. ఆరోగ్యంగా ఉన్నవి మాత్రం చాఫ్ కట్టర్‌లో వేసి పరుస్తున్నాం. వేరు చేయడానికి ఇద్దరు కూలీలకు అదనంగా ఒక రోజు పడుతుంది. ఆ ఖర్చు నాకు బాధనిపించదు.

చెరువు పూడిక మట్టి కూడా తోలించాను. మిషన్ కాకతీయ రోజుల్లో మా చుట్టుపక్కల చాలామంది తోలుకున్నారు. చెల్కకు అది మంచి బలం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: నగరం మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చెరువు మట్టి ఊరికే ఇస్తామన్నా తోటలోకి రానివ్వకండి. మా రాగితోనే మాకు చాలు. మా అల్వాల్ వైపు రైతు చింతల వెంకట్ రెడ్డి గారు లోపలి మట్టిని పైకి తెచ్చి ఎరువుగా వాడే పద్ధతికి పేరు పొందారు, 2020లో పద్మశ్రీ వచ్చింది. అది చేయమని చాలామంది సలహా ఇచ్చారు. కాసే తోటలో అంత లోతు తవ్వితే వేర్లు తెగుతాయని నాకు భయం. కొత్తగా మొక్కలు పెట్టేటప్పుడు ఆలోచిస్తాను.

రాగిని పూర్తిగా మానలేదు. అక్టోబరు కత్తిరింపు తర్వాత ఒక్కసారి, అర శాతం మందు, అదీ ముసురు పట్టేలా ఉంటేనే. మిగతాదంతా గాలి ఆడేలా చూసుకోవడం మీదే: ఎక్కువైన చిగుళ్లు తీసేయడం, గెల చుట్టూ ఆకులు పలచన చేయడం, తెగుళ్లను అణిచే మేలు బూజు ట్రైకోడెర్మా వాడటం. ఇన్నేళ్ల రాగి నేలలోంచి ఎక్కడికీ పోదు. కాకపోతే నేలలో కుళ్లిన ఆకు, చెత్త పెరిగే కొద్దీ అది రాగిని తనలో బంధించి వేర్లకు, వానపాములకు తగిలేది తగ్గిస్తుంది. ఈ ఏడాది సేంద్రియ కర్బనం 0.56 వచ్చింది. గుంతకు మూడు, నాలుగు వానపాములు కనబడుతున్నాయి. కానుగ కింద ఇప్పటికీ పదికి తగ్గవు.

ఇదంతా నడుస్తుండగా నాయిన ఒకటే షరతు పెట్టాడు. గేటు పక్క మొదటి సాలు ఆయనది. దాంట్లో నేను గడ్డి పరక కూడా వేయకూడదు. నాలుగేళ్లుగా ఆ సాలును పారతో చెక్కి, ఊడ్చి, అద్దంలా ఉంచుతున్నాడు. మోకాళ్ల నొప్పులతో స్టూలు వేసుకుని కూర్చుని మరీ గడ్డి పీకుతాడు. ఆదివారాలు నగరం నుంచి పిల్లల్ని తీసుకుని పండు కొనడానికి వచ్చేవాళ్లు ముందు ఆ సాలులోనే ఫొటోలు దిగుతారు. ఆయన మొహంలో సంతోషం చూడాలి అప్పుడు.

పెద్దయ్య ఇప్పటికీ తోటలో మంద పెట్టడు. పెట్టమని నేనూ అడగను. పక్కనున్న బీడులో మూడు రాత్రులు కడతాడు, పెంటికలు ఊడ్చి గంపలతో మేమే తోటలోకి మోసుకుంటాం. మొన్న వచ్చినప్పుడు మాత్రం గేటు దాటి నా సాళ్లలోకి వచ్చి, పరుపు పక్కకు జరిపి పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. "వాన వాసన వస్తాంది" అన్నాడు.

పోయిన ఆదివారం నాయిన సాలు నుంచి ఒక గడ్డ, నా సాలు నుంచి ఒక గడ్డ తెచ్చి గ్లాసుల్లో పెట్టాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆయన గడ్డ ముందే విడిపోయింది. నా గడ్డ ఒక అంచు రాలింది కానీ నిలబడింది. చాలాసేపు చూసి, ఏమీ అనకుండా లేచి కత్తెర తీసుకుని తన సాలుకు వెళ్లిపోయాడు. సాయంత్రానికి కత్తిరింపు ముగించి, మచ్చలున్న కాడలు ఒక కుప్ప, బాగున్నవి ఇంకో కుప్ప వేశాడు. ఆయన వేరు చేయడం నేను మొదటిసారి చూశాను. మచ్చల కుప్పకు అగ్గి పెట్టాడు. రెండోది అలాగే ఉంది. శనివారం చాఫ్ కట్టర్ వస్తుంది.