బాబాయ్ మస్కట్ వాచీ

మా రాజోలు వైపు ఏ వీధిలో చూసినా మస్కట్టో దుబాయో కువైటో వెళ్ళొచ్చినోళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, మా పక్కింటి బాబాయ్ కూడా అంతే, మస్కట్‌లో ఒక పెద్ద ఆఫీసర్ గారింట్లో డ్రైవర్‌గా చేశాడు, తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతికున్న వాచీ విప్పి ఇచ్చేశారంట.

నాకు పాత వాచీలంటే ప్రాణం. అందులోనూ రాజులు, ప్రెసిడెంట్లు కానుకగా ఇచ్చినవైతే ఇక చెప్పక్కర్లేదు. ఒమన్‌లో 1970లో గద్దెనెక్కిన సుల్తాన్ ఖాబూస్ తన దగ్గర పనిచేసిన ఆఫీసర్లకీ విదేశీ అతిథులకీ రోలెక్స్ వాచీలు ఇచ్చేవారు, లండన్‌లో ఆస్ప్రే అనే నగల షాపు ద్వారా తెప్పించినవి చాలా ఉన్నాయి, డయల్ మీద ఖంజర్, అంటే వాళ్ళ వంపు బాకు గుర్తు, కొన్నిటి మీదైతే ఎర్ర రంగులో ఆయన సంతకం కూడా. వాచీ లోపల మిషన్ మామూలు రోలెక్స్‌దే, రేటంతా ఆ గోరంత బొమ్మదే.

మొన్న సంక్రాంతికి బాబాయ్ వాచీ అరుగు మీద తెల్ల తువ్వాలు పరిచి భూతద్దంతో చూశాను. అక్షరాలు లావుగా, అంచులు చెదిరినట్టు ఉన్నాయి. ఆరు కింద సన్నగా "టి స్విస్ టి" అని ఉండాలి, చీకట్లో వెలగడానికి డయల్ మీద ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం పూశారని గుర్తు, అది లేదు. ట్రిటియం శక్తి పన్నెండేళ్ళకి సగమైపోతుంది, అంటే అప్పటి వాచీ ఇప్పుడు చీకట్లో వెలగకూడదు, ఇదేమో పచ్చగా మెరుస్తోంది.

"ఆరు మీద చిన్న కత్తి బొమ్మ ఉండేది కదరా, చెమ్మకి మచ్చలొచ్చాయని రిపేరుకిస్తే కొత్తదానిలా చేసిచ్చాడు" అన్నాడు బాబాయ్. నాకు గొంతు పట్టేసింది. మన లంకగాలికి, ఉప్పుచెమ్మకి డయల్ మచ్చలు పడటం మామూలే అండి, కానీ ఆ మచ్చలతోనే ఉంచాలి, రీడయల్, అంటే డయల్‌కి మళ్ళీ రంగేసి అక్షరాలు అచ్చేయించడం మాత్రం చేయించొద్దు దయచేసి, కేసు, అంటే వాచీ బయటి లోహపు డొప్ప, పాలిష్ కూడా వద్దు. ఖంజర్ కొత్తగా అచ్చేసి అమ్మే దొంగ డయల్స్ కూడా చాలా తిరుగుతున్నాయి, అందుకే వాచీ ఎవరిచ్చారో ఎప్పుడిచ్చారో చెప్పే కాయితం వాచీ అంత ముఖ్యం.

ఆ సాయంత్రమే బాబాయ్‌ని కూర్చోబెట్టి ఆ ఆఫీసర్ ఏ ఆఫీసో, ఏ ఏడాదో అంతా రాయించి సంతకం పెట్టించాను, పాత పాస్‌పోర్టులో వీసా పేజీ జిరాక్స్ తీసి వాచీతో పాటు డబ్బాలో పెట్టాం.