పారాణి సబ్బు

ధనుర్మాసం కదా, పొద్దున్న ఆరింటికే వీధంతా ముగ్గులు మొదలయ్యాయి, నేను మాత్రం గుమ్మం ముందు ఏదో నాలుగు గీతలు గీసేసి లోపలికి పరిగెత్తుకొచ్చేశా, అత్తయ్య చూశారు, ఏమీ అనలేదు గానీ ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. ఆదివారం తప్ప నాకు ఇంట్లో సబ్బులు చేసుకోడానికి టైం దొరకదు మరి.

కొబ్బరి నూనె సీసాలో గడ్డ కట్టేసి ఉంది. రాజమండ్రిలో చలేంటి అంటారు గానీ ఈ నూనెకి 24 డిగ్రీలు దాటితేనే కరగాలని పట్టుదల. అందుకే సబ్బుకి వేసే రంగులు ఎప్పుడూ రైస్ బ్రాన్ నూనెలోనే దింపుతా, అది గడ్డ కట్టదు, ధర కూడా ఫర్వాలేదు, వాసన రాదు.

ఈసారి మూడు రంగులు. రతన్‌జోత్ వేర్లు వారం క్రితమే నూనెలో వేసి వంటింటి కిటికీలో పెట్టా, మూలికల కొట్టులో యాభై రూపాయలకి బోలెడన్ని ఇచ్చాడు, చూడ్డానికి ఎండిపోయిన బెరడు పొరల్లా ఉంటాయి, చేత్తో నలిపితే వేళ్ళకి వంకాయ రంగు అంటుకుంటుంది. కశ్మీరీ వాళ్ళు రోగన్‌జోష్‌లో వేసేది ఇదే. నీళ్ళలో వేస్తే దీని రంగు సరిగ్గా దిగదు, నూనెలో వేస్తే మాత్రం పది నిమిషాలకే ఎరుపు మొదలు. వారం అయ్యేసరికి సీసా అచ్చం దానిమ్మ రసంలా ఉంది. మా ఆయన ఫ్రిజ్‌లో నీళ్ళ కోసం వచ్చి, ఇదేంటి జ్యూసా అని మూత తీయబోయాడు కూడా.

రెండోది పసుపు. రాత్రే నూనెలో కలిపి కాస్త వెచ్చబెట్టి వదిలేశా, తెల్లారేసరికి పొడంతా అడుగున పేరుకుపోయి పైన తేట నూనె నిలిచింది, ఆ పైతేటే కావాలి. అడుగు పిండి కూడా వేస్తే సబ్బు ఒంటికి గరగర తగులుతుంది, తువ్వాళ్ళకి మరకలు కూడా.

మూడోది జాఫ్రా. మా ఆడపడుచు వాళ్ళాయన రంపచోడవరం వైపు పనికెళ్ళి తెచ్చిపెట్టాడు అరకేజీ. అక్కడ ఏజెన్సీలో చాలామంది వేస్తారు ఈ చెట్లు, ఎర్రటి ముళ్ళ కాయలు గుత్తులుగా కాస్తాయి, లోపల గింజల మీద ఇటుక రంగు పొర ఉంటుంది, మనం తినే చీజుకీ వెన్నకీ వేసే పసుపు రంగు దీన్నుంచి తీసేదే. ఒక గిన్నెలో నీళ్ళు మరగబెట్టి దాని మీద స్టీలు గిన్నె పెట్టి నూనెలో రెండు స్పూన్ల గింజలు వేశా. దీన్ని నేరుగా స్టవ్ మీద పెడితే నూనె కాగిపోయి రంగు మాడిపోతుంది, పోయినసారి అలాగే పాడుచేశా. సెగ తక్కువైతేనే బాగుంటుంది. స్పూనుతో కలుపుతుంటే గింజల చుట్టూ సన్నగా నారింజ రంగు పొగలా లేచి నూనెలో కలిసిపోతోంది, అరగంటకి గింజలేమో నల్లబడి మిరియాల్లా అయిపోయాయి, నూనె మాత్రం సూర్యుణ్ణి కరిగించినట్టుంది. అది టీ జాలీతో వడకట్టా. ఆ జాలీ ఇంక జన్మలో తెల్లబడదు, మధ్యాహ్నం టీ అందులోనే వడపోశా, ఎవరికీ చెప్పలేదు.

ఇంక లెక్కలు. కొబ్బరి 200 గ్రాములు, రైస్ బ్రాన్ 250, ఆముదం 50. దీనికి నూనెని సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా 72 గ్రాములు, నీళ్ళు 145. నూనెలో నూటికి ఐదు వంతులు సబ్బు కాకుండా మిగిలేట్టు లెక్క కట్టా, లేకపోతే చర్మం పీక్కుపోతుంది. ఆ రైస్ బ్రాన్‌లోనే 90 గ్రాములు తగ్గించి పక్కన పెట్టా, దాని బదులు చివర్లో ఒక్కో రంగు నూనె 30 గ్రాములు. వడకట్టాకే తూచాలి, ఎందుకంటే గింజలూ వేర్లూ తాగేసే నూనె తక్కువేం కాదు, 50 పోస్తే 40 వచ్చింది నాకు. ఇది తెలీక మొదట్లో లెక్క తప్పి ఒక సబ్బు నాలుక్కి చురుక్కుమనేలా తయారైంది. (అవును, నాలికతో తాకి చూస్తారు, చిన్న కరెంటు షాకులా ఉంటే సోడా ఎక్కువైనట్టు. ఇంట్లో మాత్రం ఎవరినీ చూడనివ్వను.)

సోడా బాల్కనీలో కలిపా, కళ్ళజోడు, గ్లవ్స్, మూతికి కండువా. నీళ్ళలో సోడా వెయ్యాలి, సోడాలో నీళ్ళు పోస్తే ఎగిరి మీద పడుతుంది. స్టీలు గిన్నె లేదా మందపాటి ప్లాస్టిక్ జగ్గు మాత్రమే. రెండేళ్ళ క్రితం నేనే తెలివిగా సిల్వర్ (అదే, అల్యూమినియం) గిన్నెలో కలిపా, అది బుస్సుమని పొంగి నల్లగా అయిపోయింది, ఆ గిన్నె గురించి అత్తయ్య ఇప్పటికీ అడుగుతారు.

నూనెలో సోడానీళ్ళు పోసి హ్యాండ్ బ్లెండర్‌తో ఐదు నిమిషాలు ఆపి ఆపి తిప్పా, దోసెల పిండి కన్నా కాస్త పల్చగా వచ్చాక ఆపేశా, ఇంకా చిక్కబడితే రంగు కలవదు. మూడు గిన్నెల్లోకి సమంగా పోశా. అప్పుడే అత్తయ్య వచ్చి పక్కన పీట వేసుకుని కూచున్నారు. ఇన్నాళ్ళూ ఈ పనిని విచిత్రంగా చూసినావిడ ఇవాళెందుకో ఆసక్తి పడ్డారు.

జాఫ్రా పోశా. నారింజ అలాగే నారింజగా నిలిచింది, కాస్త లేతగా, గుమ్మడికాయ ముక్కలా. దీనికి సోడాతో గొడవ లేదు, మంచి పిల్ల.

రతన్‌జోత్ పోశా. ఆ ఎర్రటి దానిమ్మ రసం గిన్నెలో పడి కలపగానే నీలం. ఏ మెరుపూ లేకుండా, మబ్బు పట్టినప్పుడు గోదావరి ఉండే రంగు. నాకు ఇది తెలుసు, చదివే ఉన్నా, ఇది ఆమ్లానికి ఎరుపు క్షారానికి నీలం చూపించే రంగు, ఎండే కొద్దీ వంకాయలోకో బూడిద లోకో తిరుగుతుంది అని. అయినా కళ్ళ ముందు మారుతుంటే నోరు తెరిచే ఉన్నా. మా చిన్నది, ఇది మ్యాజిక్కా అమ్మా అంది.

అత్తయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు. పసుపు నూనె చేతికి తీసుకోగానే, "అది ఎర్రగా అయిపోతుంది చూడమ్మాయ్" అన్నారు.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"పసుపులో సున్నం పడితే పారాణి అవ్వదూ? నీ సోడా కూడా ఆ సున్నం లాంటి ఘాటుదేగా. బట్ట మీద పసుపు మరకకి సబ్బు రాస్తే ఎర్రబడుతుందా లేదా?"

పోశా. ఎర్రగా అయింది. సరిగ్గా పెళ్ళికూతురి పాదాల రంగు. నేను ఇన్నేళ్ళ నుంచి కర్క్యుమిన్ అనీ పీహెచ్ అనీ ఫోన్‌లో వెతుక్కుంటుంటే ఈవిడ ఎన్ని పెళ్ళిళ్ళకి పారాణి కలిపారో, ఒక్కసారి కూడా అడగలేదు నేను. పోయిన నెల బీట్‌రూట్ పొడి వేసి గులాబీ సబ్బు అనుకుంటే బెల్లం రంగులో తేలినప్పుడు కూడా అడగలేదు. అందుకని ఇవాళ అడిగా, ఇది ఎర్రగానే ఉంటుందా అని.

"ఉండదు. ఘాటు తగ్గాక మళ్ళీ పసుపుదనం వస్తుంది. ఎండలో మాత్రం పెట్టకు, పసుపు మరకని ఎండే తినేస్తుంది."

నిజమే, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాక ఆవపిండి రంగులోకో ముదురు నారింజలోకో దిగుతుంది. ఆరబెట్టడానికి డాబా బాగుంటుంది అనుకున్నా, ఇప్పుడు బీరువా పై అర ఖాళీ చేశా, అక్కడి పాత చీరలన్నీ మంచం మీద ఉన్నాయి, మా ఆయన పడుకునే వైపు.

మూడూ ఖాళీ జ్యూసు డబ్బాల్లో పోసి తువ్వాళ్ళు చుట్టి వంటింటి మూల పెట్టా. రాత్రి అన్నం తింటుంటే గోళ్ళ సందుల్లో ఇంకా జాఫ్రా ఉంది, పెరుగన్నం లేత నారింజ అయింది.

పదిన్నరకి ఆగలేక లేచి వెళ్ళి పసుపు డబ్బా తువ్వాలు కొంచెం తీశా. వెచ్చగా ఉంది, మధ్యలో ముదురుగా, జెల్లీలా నిగనిగలాడుతోంది, అంచులు ఇంకా లేతగానే. ఎర్రదనం పోలేదు. లోపల గదిలోంచి అత్తయ్య గొంతు:

"తోడేసిన పెరుగుని కదుపుతావా ఎవరైనా? కప్పేసి వచ్చి పడుకో."

కప్పేశా.