పురిటికి వచ్చిన పక్షుల ఊళ్ళో

నౌపడ స్టేషన్‌లో దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. సంక్రాంతి వెళ్ళి పది రోజులు. స్టేషన్ దాటగానే ఉప్పు మళ్ళు, వాటి గట్ల మీద తెల్లగా మెరిసే ఉప్పు కుప్పలు. ఆటోలో ముగ్గురం: నేను, విశాఖలో నాతో పాటు బడిపిల్లలను పక్షులు చూడ్డానికి తీసుకెళ్ళే మిత్రురాలు, పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పే మరో మిత్రుడు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి మా ప్రయాణం. అక్కడి పక్షుల కేంద్రం దగ్గర ఊరి పిల్లలను పోగుచేసే కుర్రాళ్ళు కొందరు మమ్మల్ని పిలిచారు. రెండు రోజులుండి, పిల్లలకు నాలుగు మాటలు చెప్పి వెళ్ళమన్నారు.

ఊరు కనబడక ముందే వాసన వచ్చింది. పచ్చి చేపల వాసన, దానితో కలిసిన రెట్ట వాసన. తర్వాత చప్పుడు. తలెత్తి చూస్తే చింతచెట్లు ఆకుల పచ్చదనం పోయి, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కొమ్మకొమ్మకూ గూళ్ళు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లనే కొంగలు ఒకే చెట్టును పంచుకుని కాపురం చేస్తున్నాయి. ఆ చెట్లు ఉన్నది ఎక్కడో అడవిలో కాదు. ఇళ్ళ వెనక పెరళ్ళలో, బట్టలారేసే తీగ పక్కన, గడ్డివాము పక్కన.

మాకు బస ఇచ్చిన ఇంటి పెరట్లోనూ ఒక చింతచెట్టు ఉంది. ఆ ఇంటి అక్క చేపల పులుసుతో అన్నం పెట్టి, మంచాలు వాల్చింది. రాత్రి నిద్ర పట్టలేదు. పెద్ద పెలికాన్లు దాదాపు నోరు మెదపవు గానీ పిల్లలు మాత్రం తిండి కోసం తెల్లవార్లూ గోల చేస్తాయి. మధ్యమధ్య స్టార్క్‌లు ముక్కులు టకటక కొట్టుకునే చప్పుడు. పొద్దున్న ఆ మాటే అక్కతో అంటే, "మాకు అలవాటైపోనాది మాస్టారూ. ఏప్రిల్ల ఇవి ఎల్లిపోయాకే మాకు నిద్ర పట్టదు" అంది.

ముందురోజు సాయంత్రం మా ప్లాన్ చెప్పాం. ఉదయం పదింటికి పిల్లలను కూర్చోబెట్టి పక్షుల గురించి చెబుతాం, తర్వాత చెట్ల దగ్గరకు వెళ్దాం అని. కేంద్రం దగ్గర కాపలా చూసే వాచర్ అంతా విని, "రేపు పొద్దున్న మీరేటీ సెప్పొద్దు. ముందర సూడండి. పిల్లలే సూపిస్తారు" అన్నాడు. ఇన్నేళ్ళలో నేను ఎన్నో బడులకు అతిథిగా వెళ్ళాను. చెప్పే ముందు చూడమన్న మనిషి ఇతనొక్కడే. అది నాకు దొరికిన గొప్ప మర్యాద.

అలా ఐదున్నరకే, చోడి అంబలి తాగి బయల్దేరాం. పన్నెండు మంది పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి తన చెట్టు కింద మమ్మల్ని నిలబెట్టి, తల్లి పక్షి వచ్చేదాకా మాట్లాడనివ్వలేదు. అది వచ్చి వాలింది. పిల్ల దాని నోట్లోకి తల మొత్తం దూర్చేసింది. తల్లి దాన్ని మింగేస్తుందేమో అనిపించేలా మెడ వరకు లోపలికి పెట్టి, గొంతులోంచి చేప లాక్కుంది. "తల్లి పెట్టదండి, ఇదే తీసుకుంటది" అంది అమ్మాయి. అంత క్లుప్తంగా, అంత సరిగ్గా ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

పెలికాన్‌ను మనవాళ్ళు గూడబాతు అంటారు కదా. గూడ అంటే ఏమిటో పిల్లలకు తెలియదు. పక్కనే పళ్ళపుల్ల నములుతున్న తాత అందుకున్నాడు. ఇద్దరు మనుషులు చెరోవైపు తాళ్ళు పట్టుకుని, గుంటలోంచి పొలంలోకి నీళ్ళు తోడే బుట్టే గూడ. తాను కుర్రతనంలో వేశాడట. రెండు చేతులూ ఊపి చూపించాడు. ఆ ఊపు చూశాక పక్షి ముక్కు కింది సంచి ఎలా పనిచేస్తుందో పిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సిన అవసరం లేకపోయింది.

అప్పుడే ఇంకో చెట్టు కిందినుంచి కేక వినిపించింది. గూటిలోంచి పెలికాన్ పిల్ల పడిపోయింది. ఇరుకు గూళ్ళలో రెండు మూడు పిల్లలు తోసుకుంటే ఇలా అవుతుంది. ఓ కుర్రాడు తువ్వాలు కప్పి జాగ్రత్తగా ఎత్తుకుని వాచర్ దగ్గరకు తెచ్చాడు. అతను రెక్కలు, కాళ్ళు తడిమి చూసి, చిన్న చేప పట్టుకొచ్చి నోటికి అందించాడు. అప్పుడు తనంతట తానే చెప్పుకొచ్చాడు, 2021 చివర్లో, 2022 మొదట్లో జరిగింది. కళ్ళముందే పెద్ద పెలికాన్లు వరసగా రాలిపోయాయి. కడుపు కోసి చూస్తే ఏలికపాముల్లాంటి పురుగులు. చెరువుల్లో తిన్న చేపల ద్వారా ఆ పురుగులు వచ్చాయని తేల్చారు. "పొద్దున్న లెగిసి సెట్టు కిందకెల్లాలంటే బయమేసీది" అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

మధ్యాహ్నం మా వంతు. పెయింటెడ్ స్టార్క్ కళ్ళతో వెతికి చేపను పట్టదు. ముక్కు కొంచెం తెరిచి బురదనీళ్ళలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది, ఏదైనా తగలగానే చటుక్కున మూసేస్తుంది. ఇది చెప్పడానికి నా మిత్రురాలు రెండు బకెట్లలో బురదనీళ్ళు పోసి, అందులో చింతగింజలు, పుల్లలు, రబ్బరు చేపలు వేసింది. పిల్లల కళ్ళకు గంతలు కట్టి, చేతికి రెండేసి పుల్లలిచ్చింది. మొదటి కుర్రాడికి ఐదు నిమిషాలకు ఒక్క చేప దొరికింది. ఆ తర్వాత అందరూ చెట్లవైపు చూసిన చూపు వేరు. నౌపడ చిత్తడి నేలల్లో ఆ పక్షులు రోజంతా ఎందుకు తిరుగుతాయో, ఆ మడుగులు పూడిపోతే ఈ గూళ్ళు ఏమవుతాయో అప్పుడు మాట్లాడుకున్నాం.

ఇక నాకు టెన్షన్ పెట్టిన సంగతి ఒకటుంది. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో అందరూ అంటారు. మిత్రులం ముగ్గురం రాత్రి చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఈ జాతి పెలికాన్ సైబీరియాలో ఉండదు. భారతదేశం, శ్రీలంక, కంబోడియాల్లో గూళ్ళు పెట్టే పక్షి ఇది. పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వీటి గూళ్ళను చూసి, ఆ వివరాలు ప్రచురించారు. ఈ సంగతి చెప్పకపోతే పిల్లలకు అబద్ధం మిగిల్చి పోయినట్టు. చెబితే, అంత దూరం నుంచి మన ఊరు వెతుక్కుంటూ వచ్చాయన్న వాళ్ళ గర్వం దెబ్బ తింటుందేమో. ఆ గర్వం కూడా కలిస్తేనే కదా ఈ చెట్లు నిలిచాయి.

చెప్పాను. మెల్లగా, మ్యాప్ గీసి చెప్పాను. పిల్లలు నిశ్శబ్దంగా ఉండిపోయారు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది.

"అయితే ఇవి మన దేశపుయ్యేనా బాబూ?"

"అవునమ్మా. ఇలాంటి ఊళ్ళల్లో, ఇలాంటి చెట్ల మీదే పుడతాయి."

"మరింకేటి! నాను ఎప్పుడూ అదే అంతాను. ఆడపిల్ల పురిటికి పుట్టింటికొచ్చినట్టు వొత్తాయని. ఇక్కడ పుట్టినియ్యే ఇక్కడికొత్తే అది పుట్టిల్లే కదా."

నా గొంతు పట్టేసింది. పిల్లల్లో కదలిక వచ్చింది. ఒకడు లేచి మ్యాప్ మీద శ్రీకాకుళం దగ్గర సుద్దముక్కతో ఇల్లు గీశాడు. బొమ్మల మిత్రుడు ఆ ఇంటి మీద చింతచెట్టు వేశాడు.

మర్నాడు బయల్దేరుతుంటే అక్క చోడిపిండి పొట్లం కట్టి ఇచ్చింది. ఆ ఏడో తరగతి అమ్మాయి ఆటో దాకా వచ్చింది.

"మాస్టారూ, ఏప్రిల్ల ఇక్కడి నుంచి ఎల్లిపోయాక ఇవి ఎక్కడెక్కడుంతాయి?"

"ఒక్క చోటని కాదమ్మా, నీళ్ళున్న చెరువుల్లో చెదిరిపోతాయి."

"మీ ఊరి చెరువుల్లో సూసి మాకు రాయండి. ఎన్నున్నాయో లెక్కపెట్టి రాయండి."

రాస్తానన్నాను. విశాఖ వచ్చాక చేసిన మొదటి పని ఒక రూళ్ళ నోట్‌బుక్ కొనడం. మొదటి పేజీలో ఆ అమ్మాయి చెట్టు నంబరు రాసుకున్నాను. ఏప్రిల్ మొదటి ఆదివారం మా దగ్గరి మంచినీటి సరస్సు కొండకర్ల ఆవకు వెళ్తాం, ఈసారి మా బడిపిల్లలతో.